చేతిలో 1,800 ఉన్నాయి: కొండకి చీలమండ దాకా బూట్లా, మామూలు షూసా?

నాగావళి_గట్టు

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను, కాబట్టి జీతం ఎంతని అడగొద్దు. ఈ కార్తీకంలో నలుగురు స్నేహితులం మహేంద్రగిరి ఎక్కుదామనుకుంటున్నాం. కొండ ఒడిశాలోనిదే, ఎత్తు 1,501 మీటర్లు. అయినా శివరాత్రికి మన పలాస, మందస వైపు జనం వెళ్లే కొండే కదా. ఒడిశా వైపు రోడ్డుంది గానీ మేం మందస వైపు నుంచి నడిచే వెళ్తాం. అన్నీ కలిసొస్తే వచ్చే ఏడాది ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠా కూడా ఆలోచనలో ఉంది.

సమస్యల్లా కాళ్లకి ఏం వేసుకోవాలన్నదే. నా దగ్గర ఉన్నవి రెండు జతలు. స్కూలుకి వేసుకునే నల్ల షూ ఒకటి, అడుగు అద్దంలా అరిగిపోయిన స్పోర్ట్స్ షూ ఒకటి. పక్కన పెట్టగలిగింది 1,800. ఒక స్నేహితుడేమో చీలమండని కప్పే బూట్లు లేకపోతే కాలు విరగ్గొట్టుకుంటావంటాడు. ఇంకొకడు స్పోర్ట్స్ షూ చాలు, బూట్లన్నీ ఫొటోల కోసమే అంటాడు. ఈ డబ్బుల్లో రెండు కొండలకీ పనికొచ్చే జత ఒకటి దొరుకుతుందా? వాడినవాళ్లు చెప్పండి.

కొండగొర్రె_విజయనగరం

మాస్టారూ, చీలమండ పైకి వచ్చే బూట్లే తీసుకోండి. నాకు ఇందులో రెండో మాట లేదు.

నాలుగేళ్ల కిందట సీతంపేట దగ్గర మెట్టుగూడ జలపాతం చూసి, కిందికి గెడ్డలోంచి దిగుతున్నాను. కాలికి స్పోర్ట్స్ షూ. ఒక గుండ్రాయి మీద అడుగేస్తే రాయి దొర్లింది, కాలు లోపలికి మెలిపడింది. విజయనగరం చేరేసరికి పాదం గుమ్మడికాయ అయింది. మూడు వారాలు కట్టు, ఆ మూడు వారాలూ సెలవు పెట్టినందుకు ఆఫీసులో చీవాట్లు. అప్పటినుంచి బూట్లు లేకుండా కొండ వైపు వెళ్లలేదు, మళ్లీ కాలు మెలిపడనూ లేదు.

1,800కి సరైన బూట్లు రావు. ఓ రెండు నెలలు ఆగి 3,500 చేసుకోండి. కొండ ఎక్కడికీ పోదు.

నాగావళి_గట్టు

కొండ ఎక్కడికీ పోదు గానీ రెండు నెలలు ఆగితే సంక్రాంతి వస్తుందండీ. ఆ 1,800 కూడా పోతాయి.

పైడిభీమవరం_బి_షిఫ్ట్

అసలు కొనడం దేనికి బాబూ? నేను పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో చేస్తున్నాను. ఏడాదికో జత సేఫ్టీ షూ ఇస్తారు. నాది అరిగేలోపే ఇంకోటి వస్తుంది. మా ఊళ్లో సగం మంది పొలానికీ, బండికీ, పెళ్లికీ కూడా అవే. తోలు మందంగా ఉంటుంది, అడుగున గళ్లుంటాయి, చీలమండ దాకా వస్తుంది. మీ చుట్టాల్లో ఎవరో ఒకరు రణస్థలం వైపు కంపెనీల్లో ఉండే ఉంటారు. అడిగితే ఉత్తి పుణ్యానికే వస్తుంది. నేను పుణ్యగిరికి వాటితోనే వెళ్లొచ్చాను, నాకేం కాలేదు.

సుబేదార్_రిటైర్డ్

బి షిఫ్ట్ తమ్ముడూ, పుణ్యగిరికి అవి సరిపోయాయంటే నమ్ముతాను. ఎస్.కోట నుంచి గుడి దాకా దారి వేరు, రోజంతా ఎక్కి దిగే కొండ వేరు.

సేఫ్టీ షూ ముందు భాగంలో ఇనప కప్పు ఉంటుంది. వేళ్ల మీద బరువు పడ్డా నలగకూడదని పెట్టింది. మన దేశపు ప్రమాణం ఐఎస్ 15298 ప్రకారం అది 200 జౌల్స్ దెబ్బకి తట్టుకోవాలి. మాస్టారు లెక్క వేసుకోవచ్చు, ఇరవై కిలోల ముద్ద మీటరు ఎత్తు నుంచి పడినంత. ఫ్యాక్టరీలో అది ప్రాణం కాపాడుతుంది. కొండ దిగేటప్పుడు అదే ఇనుము మీ వేళ్లకి గోడవుతుంది. దిగుడులో పాదం ముందుకి జారుతుంది, ప్రతి అడుగుకీ బొటనవేలు వెళ్లి ఆ గోడకి కొట్టుకుంటుంది. ఓ రెండు గంటలకి గోరు నల్లబడుతుంది, పదిహేను రోజులకి ఊడుతుంది. పైగా జత కిలో దాటుతుంది. కాళ్లకి కట్టిన బరువు భుజానికెత్తుకున్న బరువులాంటిది కాదు, అడుగడుగునా ఎత్తి దించాలి.

పట్టాళంలో డీఎంఎస్ అనే సైనిక బూట్లతో ఏళ్ల తరబడి నడిచాను. కొత్త బూటుతో లాంగ్ మార్చికి పంపరు. ముందు పరేడ్‌లో, బ్యారక్‌లో, డ్యూటీలో వేసి వేసి కాలికి అలవాటు చేసుకున్నాకే. మీరు ఏది కొన్నా కార్తీకానికి నెల ముందే కొనండి. కొండ కింద డబ్బా విప్పేవాడు కొండ మీద కుంటుతాడు.

పైడిభీమవరం_బి_షిఫ్ట్

సుబేదార్ గారూ, గోరు మాట నిజమే. పుణ్యగిరి నుంచి వచ్చాక నా ఎడమ బొటనవేలి గోరు ఊడింది. షూ వల్ల అని నాకు ఇప్పటిదాకా తట్టలేదు, ఎక్కడో రాయికి తగిలిందనుకున్నాను.

మూడులాంతర్ల_చెప్పులకొట్టు

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా నాన్నగారి కాలం నుంచి చెప్పుల వ్యాపారం. అమ్మకం కోసం చెప్పడం లేదు, మా కొట్టులో ట్రెక్కింగ్ సరుకు లేదు కూడా. అందుకే కాస్త నిర్మొహమాటంగా చెబుతాను.

ఎత్తెంత అన్నది పక్కన పెట్టండి. కొండ షూకి ప్రాణం కింద రబ్బరులో ఉంది. ఇటలీలో వితాలే బ్రామానీ అని ఒక కొండలెక్కేవాడు ఉండేవాడు. 1935లో ఆల్ప్స్‌లో ఆయన స్నేహితులు ఆరుగురు చనిపోయారు, కాళ్లకి సరైన బూట్లు లేకపోవడం కూడా ఒక కారణమన్నారు. ఆ దెబ్బతో రబ్బరుతో గళ్ల సోల్ తయారుచేశాడు, 1937లో అది బజారులోకి వచ్చింది. విబ్రమ్ అనే పేరు ఆయన పేరులోంచి వచ్చిందే. మీ 1,800లో ఆ సోల్ రాదు, దానిలాగే పసుపు ముద్ర కొట్టిన నకిలీ మాత్రం వస్తుంది. ముద్ర చూసి పడిపోకండి.

కొట్టులో నిలబడి చూడాల్సింది ఇది. సోల్ మీద బొటనవేలి గోరు గట్టిగా నొక్కండి. రబ్బరైతే కాస్త లోపలికి పోయి మళ్లీ లేస్తుంది. నున్నగా మెరుస్తూ, గోరు జారిపోతే పీవీసీ అనుకోండి, తడి రాయి మీద అది సబ్బుబిళ్లే. బరువే లేకుండా స్పాంజిలా ఉంటే ఈవీఏ. మెత్తగా హాయిగా ఉంటుంది గానీ కంకర మీద తొందరగా అరిగిపోతుంది. పైన ఈవీఏ, నేలకి తగిలేచోట రబ్బరు ఉన్నది వెతకండి. గళ్లు నాలుగు మిల్లీమీటర్లన్నా లోతు ఉండాలి, గళ్ల మధ్య ఖాళీ ఉండాలి. ఖాళీ లేకపోతే మన ఎర్రమట్టి అందులో కూరుకుపోయి పది నిమిషాల్లో సోల్ చదునైపోతుంది. తర్వాత షూని రెండు చేతులతో వంచండి. వేళ్లు వంగేచోటే వంగాలి. నడిమధ్యన పుస్తకంలా మడతపడితే అక్కడే పెట్టేసి వచ్చేయండి.

ఇంకోటి. ఈ ధరలో దాదాపు అన్నీ అంటించిన సోళ్లే. కొన్న రోజే చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్లి చుట్టూ పక్క కుట్టు వేయించండి. నూరో నూట యాభయ్యో తీసుకుంటాడు. ఆ కుట్టు వేసిన షూ, కుట్టని షూ కన్నా రెండు వానలు ఎక్కువ బతుకుతుంది. ఊడాక క్విక్ జిగురు పోసేవాళ్లని చూశాను. అది ఎండి గాజులా అవుతుంది, మొదటి వంపుకే విరుగుతుంది.

సైజు సంగతి మర్చిపోయాను. మనవాళ్ల పాదం ముందు భాగం వెడల్పు. మనం వాడేది ఇంగ్లండు సైజు, అది పొడవునే చూస్తుంది. చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థ దేశమంతా పాదాలు కొలిచి, మనకంటూ ‘భా’ అని ఒక సైజుల పద్ధతి ప్రతిపాదించింది. అది కొట్లలోకి వచ్చేదాకా మన తిప్పలు మనవే. ఒక సైజు పెద్దది తీసుకోండి. సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి కాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి. కొండకి వేసుకోబోయే సాక్సే వేసుకుని చూడండి. ఆన్‌లైన్‌లో కొని మూడుసార్లు వెనక్కి పంపేవాళ్లని రోజూ చూస్తున్నాను.

జీడితోట_పలాస

ఇంత రామాయణం ఎందుకండీ. మా ఉద్దానం నుంచి చూస్తే మహేంద్రగిరి కనిపిస్తూనే ఉంటుంది. ఆ కొండల్లో సవరవాళ్లు తరతరాలుగా ఉత్త కాళ్లతో ఎక్కి దిగుతున్నారు, నెత్తిన కట్టెల మోపుతో సహా. వాళ్లకి లేని బూట్లు మనకెందుకు? పారగాన్ చెప్పులేసుకుని బయల్దేరండి. మా తాత మాలకట్టి శివరాత్రికి చెప్పుల్లేకుండానే వెళ్లేవాడు.

కొండమీద_డ్యూటీ

నాది సీతంపేట ఏజెన్సీలో ఆరోగ్య శాఖ ఉద్యోగం. టీకాల పెట్టె పట్టుకుని వారానికి మూడు నాలుగు గూడలు ఎక్కుతాను. కొన్ని గూడలకి ఇప్పటికీ నడకే.

జీడితోట గారూ, ఉత్త కాళ్ల మాట బయటివాళ్లకి వినడానికి బాగుంటుంది. ఆ కాళ్లు కట్టేది నేను. మడమలు పగిలి చీము పట్టినవీ, గాజుపెంకు దిగినవీ, కొండచీపుర్లు కోసేటప్పుడు మోడు గుచ్చుకున్నవీ అన్నీ మా దగ్గరికే వస్తాయి. చెప్పులు కొనుక్కోగలిగిన ప్రతివాళ్లూ ఇప్పుడు వేసుకుంటున్నారు. సంతలో మొదట అమ్ముడుపోయే వాటిలో ప్లాస్టిక్ చెప్పులొకటి. పుట్టినప్పటినుంచి కొండ మీద నడిచిన పాదాన్నీ, స్కూల్లో నల్లబల్ల ముందు నిలబడే పాదాన్నీ ఒక గాటన కట్టకండి.

ఇక బూట్ల సంగతి. మొదట్లో నేనూ ఎవరో చెబితే వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నవి అప్పు చేసి మరీ కొన్నాను. వానాకాలంలో రెండో రోజే తెలిసింది. మన దగ్గర నీళ్లు కిందనుంచి చెమ్మలా రావు, గెడ్డ దాటితే పిక్కల దాకా వస్తాయి. పైనుంచి లోపలికి పోయిన నీళ్లు బయటికి దారిలేక కుండలో ఉన్నట్టు ఉండిపోతాయి. ఎండలోనేమో చెమట పట్టి లోపలే ఉడుకుతుంది. బయట గాలి చల్లగా, పొడిగా ఉంటే ఆ బూట్లలో నీళ్లని ఆపే పొర లోపలి ఆవిరిని బయటికి పంపుతుంది. మన ఉక్కపోతలో లోపలా బయటా ఒకటే తేమ, ఇక ఎక్కడికి పంపుతుంది? మూడు రోజులైనా ఆరలేదు, వేళ్ల మధ్య పాచి పట్టినట్టు అయిపోయింది.

ఇప్పుడు నేను వాడేది పలచటి గుడ్డ, కింద మంచి రబ్బరు ఉన్న పొట్టి షూ. నీళ్లు వస్తాయి, పోతాయి. పొయ్యి పక్కన కాకుండా నీడలో, లోపల పాత పేపర్లు కుక్కి పెడితే తెల్లారేసరికి తొడుక్కోవచ్చు. చీలమండ దాకా లేదు. ఏడేళ్లుగా ఎక్కుతున్నాను, ఒక్కసారీ మెలిపడలేదు. నన్నడిగితే బూటు ఎత్తు మీద పెట్టే డబ్బు సాక్స్ మీద పెట్టండి. స్కూలు యూనిఫాం కాటన్ సాక్స్ మాత్రం వద్దు. చెమట పీల్చి అలాగే పట్టుకుని, తడిగుడ్డలా కాలిని ఒరుస్తుంది. పాలిస్టరో ఉన్నో కలిసినవి రెండు జతలు తీసుకోండి. మధ్యాహ్నం ఒకసారి మార్చుకోండి.

కొండగొర్రె_విజయనగరం

మేడమ్, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. మీరు ఏడేళ్లుగా వారానికి నాలుగు రోజులు ఎక్కుతున్నారు. మీ చీలమండే బూటు. మాస్టారు ఏడాదికోసారి ఎక్కే మనిషి, పైగా వీపున సంచి. అలవాటు లేని కాలికి ఆసరా కావాలి. సవరవాళ్లతో పోల్చవద్దని మీరే అన్నారు, మరి మీతో ఎలా పోల్చుకుంటాడు?

కొండమీద_డ్యూటీ

ఈ మాటకి నా దగ్గర సమాధానం లేదు. న్యాయంగానే అడిగారు.

నాగావళి_గట్టు

లెక్కల మాస్టారిగా ఒక సందేహం కొండగొర్రె గారూ. బూట్లేసుకున్నాక మళ్లీ మెలిపడలేదన్నారు. అది బూట్ల వల్లా, లేక ఒకసారి దెబ్బ తిన్నాక మీరు ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవడం వల్లా? రెండూ ఒకేసారి మారాయి కదా.

నిన్న రాత్రి కాస్త వెతికాను. 1993లో అమెరికాలో ఆరు వందలకి పైగా కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకి కొందరికి ఎత్తు షూ, కొందరికి పొట్టి షూ ఇచ్చి సీజనంతా చూశారు. చీలమండ దెబ్బల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇంకోటి కూడా దొరికింది. ఎమ్మా గేట్‌వుడ్ అని 67 ఏళ్ల అమెరికా బామ్మ 1955లో అపలాచియన్ ట్రెయిల్ మొత్తం, అంటే మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు, గుడ్డ షూతో ఒంటరిగా నడిచేసింది.

కొండగొర్రె_విజయనగరం

బాస్కెట్‌బాల్ కోర్టులో గుండ్రాళ్లుంటాయా మాస్టారూ? చెక్క నేల మీద ఎగిరి దూకేవాడి దెబ్బ వేరు, గెడ్డలో రాయి దొర్లి పడే దెబ్బ వేరు. బామ్మ సంగతంటారా, అలాంటివాళ్లు కోటికొకరు. ఆవిడ చేసింది కాబట్టి మీరూ చేయండి అంటే మలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, మీ ఎనిమిదో తరగతి పిల్లల్ని కూడా పంపండి మరి.

నా బూట్ల వల్లా జాగ్రత్త వల్లా అంటే, ఏమో, రెండూ కావచ్చు. కాలికి బరువుగా, గట్టిగా ఏదో ఉందని తెలుస్తుంటే మనిషి అడుగు చూసి వేస్తాడు. అదీ బూటు చేసే పనే అనుకోరాదా?

సుబేదార్_రిటైర్డ్

ఈ వాదన తేలేది కాదు. పట్టాళంలోనే తేలలేదు. నాకు తెలిసింది ఒక్కటే. మెత్తటి గుడ్డతో చీలమండ దాకా లేపిన బూటు ఆసరా ఇవ్వదు, ఇస్తోందని అనిపిస్తుంది అంతే. ఆసరా కావాలంటే తోలు మందంగా, లేసు బిగువుగా, మడమ కప్పు గట్టిగా ఉండాలి. అది 1,800లో రాదు. కాబట్టి ఈ డబ్బుకి ఎత్తు కోసం వెతికితే ఎత్తు ఒక్కటే వస్తుంది.

నేపాల్ కొండల్లో కూలీలు, పల్లె జనం వేసుకునే గోల్డ్‌స్టార్ షూ ఉంటుంది. అక్కడే తయారవుతుంది, చవక, తేలిక. వాటితో వాళ్లు మోసే బరువులు చూస్తే మన నోరు లేవదు. ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, మీ డబ్బుల్లోనే వస్తాయి. ముందు భాగం కొంచెం ఇరుకని నాకనిపించింది, వేసి చూసే వీలుంటే చూడండి.

కేదార్‌కంఠాకి మాత్రం ఇప్పుడు కొనొద్దు. అది 3,800 మీటర్ల చిల్లర, చలికాలంలో మంచు. ఇక్కడి ఉక్కకి ఆరే షూ అక్కడ వేళ్లు గడ్డకట్టిస్తుంది, అక్కడి బూటు ఇక్కడ కాలు ఉడకబెడుతుంది. నడక మొదలయ్యే సాంక్రీలో మంచు బూట్లు, మేకుల పట్టీలు అద్దెకిస్తారు. ఒక్క జతతో రెండు కొండలు అన్న ఆలోచన వదిలేయండి, మీ 1,800 సగం సమస్య తీరిపోతుంది.

నాగావళి_గట్టు

ఇది నాకు తట్టనే లేదు సుబేదార్ గారూ. అసలు ప్రశ్నే తప్పు వేశానన్నమాట.

కొండమీద_డ్యూటీ

ఒక విషయంలో మాత్రం కొండగొర్రె గారి వైపే నేను. పాము కాట్లు ఎక్కువగా పాదం మీదా చీలమండ మీదే పడతాయి. కార్తీకంలో తుప్పలు ఇంకా పచ్చగానే ఉంటాయి, రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోయి ఉంటుంది. ఎత్తు బూటు, దాని మీదికి మందపాటి ప్యాంటు ఉంటే కొంత నయం. పొట్టి షూ కొంటే ప్యాంటు అంచు సాక్స్ లోపలికి దోపండి, చూడ్డానికి ఎలా ఉన్నా సరే. చేతిలో కర్ర ఉండాలి, చీకటి పడ్డాక టార్చి లేకుండా అడుగు వేయొద్దు. కరిస్తే మంత్రాలూ, కోయడాలూ కాకుండా కాలు కదపకుండా ఆసుపత్రికి.

పొక్కులకి ఇంకో చవక మందు ఉంది. గాయాలకి వేసే పేపర్ టేపు మందుల షాపులో ముప్పై నలభై రూపాయలకి దొరుకుతుంది. ఎప్పుడూ పొక్కు వచ్చే చోట నడక మొదలుపెట్టకముందే ఒక పొర అంటించుకోండి. 2016లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు ఎడారుల్లో రోజుల తరబడి పరిగెత్తేవాళ్ల మీద ఇదే టేపు ప్రయత్నిస్తే పొక్కులు 40 శాతం తగ్గాయి. నేను అంతకు ముందునుంచే వేసుకుంటున్నాను, నా మీదెవరూ పరిశోధన పేపరు రాయలేదు.

పైడిభీమవరం_బి_షిఫ్ట్

పాముల సంగతి సరే, పార్వతీపురం వైపు ఏనుగులు తిరుగుతున్నాయి కదా. వాటికి ఏ బూట్లు?

మూడులాంతర్ల_చెప్పులకొట్టు

పరిగెత్తడానికి వీలైనవి.

జీడితోట_పలాస

మేడమ్ గారూ, ఉత్త కాళ్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిన్న అమ్మని అడిగాను. తాత ఒకసారి శివరాత్రి నుంచి వచ్చాక పది రోజులు మంచం దిగలేదట, అరికాలు మొత్తం లేచిపోయిందట. ఆ సగం మాకెప్పుడూ చెప్పలేదు. మాస్టారు పలాస మీదుగా వెళ్తే మా ఇంట్లో టీ తాగి వెళ్లాలి.

నాగావళి_గట్టు

అందరికీ మళ్లీ నమస్కారం. ఐదు వారాలైంది, వెళ్లొచ్చాం. ముందు ఖర్చు చెబుతాను, అదే కదా అసలు గొడవ.

వైజాగ్ డెకాథ్లాన్‌కి వెళ్లొద్దామనుకున్నాను గానీ రానూపోనూ బస్సుకే మూడు వందలు అవుతుందని మానేశాను. శ్రీకాకుళంలోనే రెండు సాయంత్రాలు కొట్లు తిరిగాను. చాలా షూలు మీ గోరు పరీక్షలోనే పోయాయి, ఒక కొట్టాయన సోల్ పాడుచేస్తున్నానని కసిరాడు కూడా. చివరికి పొట్టి షూ, కింద రబ్బరు, పైన వల గుడ్డ, 1,190. ఎప్పుడూ వేసుకునే దానికన్నా ఒక సైజు పెద్దది. పక్క కుట్టు 120. సాక్స్ రెండు జతలు 380. టేపు 40. మొత్తం 1,730. మిగిలిన డెబ్బైకి మందసలో కోవా.

నెల రోజులు స్కూలుకీ, పాలకొండ రోడ్డు మీద సాయంత్రం నడకకీ అవే వేసుకున్నాను. హెడ్మాస్టరు రెండుసార్లు నా కాళ్ల వైపు చూశారు, ఏమీ అనలేదు.

కొండ ఎక్కడం బాగానే జరిగింది. మబ్బు పట్టి పైనుంచి సముద్రం కనబడలేదు, భీముడి గుడి మాత్రం ఆ పొగమంచులో చూడాల్సిందే. దిగుడులో అసలు కథ. సుబేదార్ గారు చెప్పినట్టు పాదం ముందుకి జారడం మొదలైంది. ఒకచోట కూర్చుని పైరెండు కన్నాల్లోంచి లేసు ఉచ్చులా తిప్పి మడమ కదలకుండా బిగించాక ఆగింది. పొక్కుల్లేవు, గోళ్లు పదీ ఉన్నాయి. తడి మట్టిలో ఒకసారి జారి కూర్చున్నాను, దాన్ని సోల్ తప్పనలేను, కబుర్లలో పడ్డాను.

దెబ్బ తిన్నది బూట్లు లేకపోతే కాలు విరుగుతుందన్న స్నేహితుడు. వాడివి ఏడు వేల బూట్లు, నాలుగేళ్ల కిందట కొని రెండుసార్లు వేసి డబ్బాతో సహా అటక మీద పెట్టాడు. చూడ్డానికి కొత్తవే. సగం దారిలో కుడి బూటు అడుగు నోరు తెరిచింది. ఇంకో అరగంటకి సోల్ మొత్తం రొట్టెముక్కలా పొడిపొడిగా రాలిపోయింది, తర్వాత ఎడమది. తువ్వాలు చింపి రెండు బూట్లకీ కట్టి దింపాం. మిగతా దారంతా నన్ను చూసి ఒక్క మాట మాట్లాడలేదు.

మూడులాంతర్ల_చెప్పులకొట్టు

అది పీయూ సోల్ మాస్టారూ. పాలీయూరిథేన్. గాలిలో తేమకే లోపలి బంధాలు మెల్లగా తెగిపోతాయి, వాడినా వాడకపోయినా ఒకటే. వాడకుండా మూసిపెడితే ఇంకా తొందరగా పోతుందంటారు, నా అనుభవమూ అదే. మన సముద్రపు తేమకి, అటక మీది వేడికి నాలుగేళ్లు తట్టుకోవడమే ఎక్కువ. సేఫ్టీ షూల్లో కూడా చాలావాటికి అదే సోల్, బి షిఫ్ట్ గారు పాతవి దాచుకుంటే చూసుకోవాలి.

పైడిభీమవరం_బి_షిఫ్ట్

మంచం కింద మూడు జతలున్నాయి. ఇప్పుడే తీసి వంచి చూశాను. ఒకటి చేతిలోనే రాలిపోయింది.

కొండగొర్రె_విజయనగరం

సంతోషం మాస్టారూ, క్షేమంగా వచ్చారు. కానీ ఒక మాట. కాలు మెలిపడలేదంటే పొట్టి షూ మంచిదని కాదు, ఈసారి రాయి దొర్లలేదని. మీ స్నేహితుడి బూట్లు పోయింది పాతబడి, ఎత్తు ఉన్నందుకు కాదు. నా మాట మీద నేనున్నాను.

నాగావళి_గట్టు

ఉండండి సార్, మీరు లేకపోతే ఈ చర్చ మొదటి రోజే ఆగిపోయేది. ఒక్కసారికి ఏదీ తేలదని నాకూ తెలుసు.

మూడులాంతర్ల_చెప్పులకొట్టు

మాస్టారూ, మీ స్నేహితుడు ఆ బూట్లు పారేశాడా? పై తోలు బాగుంటే పారేయనివ్వకండి. పాత సోల్ పూర్తిగా గీకేసి కొత్త రబ్బరు సోల్ వేసే మనిషి మా వీధిలో ఒకాయన ఉన్నాడు. ఏడెనిమిది వందల్లో అవుతుంది.

నాగావళి_గట్టు

అటక మీదే ఉన్నాయట. సైజు తొమ్మిది. వద్దనుకుంటే నాకిచ్చేయమని అడిగాను, ఆలోచిస్తానన్నాడు.